ఆట నేర్పేదెంత, బండి అడిగేదెంత

ఇటలీలోని ముజెల్లో రేసు ట్రాక్‌లో మొదటి మలుపు పేరు శాన్ డొనాటో. దానికి ముందు కిలోమీటరుకు పైగా తిన్నటి దారి ఉంటుంది. 2023లో బ్రాడ్ బైండర్ అనే దక్షిణాఫ్రికా రైడర్ ఆ దారి చివరికొచ్చేసరికి గంటకు 366.1 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అప్పటికి మోటోజీపీలో అదే రికార్డు. అంత వేగంతో వస్తున్న బండిని కొన్ని సెకన్లలోనే గంటకు వంద కిలోమీటర్ల దరిదాపులకు దించి, కుడివైపుకు వాల్చి, ఎత్తు ఎక్కించాలి.

మోటోజీపీ వీడియో గేమ్ కొత్తగా కొన్న కుర్రాడికి మొదటి సాయంత్రమంతా ఈ మలుపు దగ్గరే గడిచిపోతుంది. మొదటిసారి బ్రేకు ఆలస్యంగా నొక్కి నేరుగా కంకరలోకి పోతాడు. రెండోసారి భయపడి మరీ ముందే నొక్కుతాడు, వెనకున్నవాళ్లంతా దాటి వెళ్లిపోతారు. మూడోసారి నొక్కాల్సిన చోటే నొక్కుతాడు కానీ బండి వాలుతున్నా బ్రేకు వదలడు. ముందు చక్రం జారిపోతుంది. ఇలా పడీ లేచీ, పడీ లేచీ, ట్రాక్ పక్కన దూరం చెప్పే బోర్డులున్నాయని ఒక దశలో గమనిస్తాడు. ఫలానా బోర్డు దగ్గర బ్రేకు మొదలెట్టాలి. బండి వాల్చేకొద్దీ వేలు మెల్లగా సడలించాలి. మలుపు లోపలి అంచును తాకేసరికి చూపు బయటి అంచు మీదికి వెళ్లిపోయి ఉండాలి. ఈ మూడూ వరసగా కుదిరిన క్షణాన అతను గట్టి సంగతే ఒకటి నేర్చుకున్నట్టు. తిట్టినవాళ్లు లేరు, పాఠం చెప్పినవాళ్లు లేరు.

ఆ నేర్చుకున్నదాన్ని ఎక్కడ వాడుకోవాలి, ఎక్కడ వాడకూడదు అన్నదే ఈ అధ్యాయం. ఇళ్లలో ఈ ఆటల గురించి జరిగే గొడవల్లో రెండు వాదాలు వినిపిస్తాయి. పెద్దవాళ్లు కాలం దండగ అంటారు. పిల్లలేమో దీనివల్ల బండి నడపడం బాగా వస్తుందంటారు. పెద్దవాళ్లు ఆట లోపల జరిగే సాధనను చూడటం లేదు, పిల్లలు తెరకు ఇవతల మిగిలిపోయినదాన్ని చూడటం లేదు. నా సలహా ముందే చెబుతాను. సాధన చేసే పద్ధతిని ఈ ఆట నుంచి పూర్తిగా తీసుకోండి. వేగాన్ని మాత్రం తెరలోనే వదిలేసి రండి.

అంకెలు దాచని గురువు

మిలాన్‌కు చెందిన మైల్‌స్టోన్ సంస్థ 2013 నుంచి మోటోజీపీ ఆటలు వరసగా తయారుచేస్తోంది. దాదాపు ఏటా కొత్తది వస్తుంది. ఆ ఏటి రైడర్లు, బండ్లు, ట్రాకులు అందులో ఉంటాయి. 2023 ఆటలో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ కూడా ఉంది. ఆ సెప్టెంబరులో మన దేశపు తొలి మోటోజీపీ రేసు అక్కడే జరిగింది, మార్కో బెజెకి గెలిచాడు. ఆట మాత్రం జూన్‌లోనే వచ్చేసింది కాబట్టి రేసు చూడబోయే మన కుర్రాళ్లు చాలామంది ఆ ట్రాక్ మలుపుల్ని అప్పటికే ఇంట్లో కూర్చుని కంఠతా పట్టేశారు.

ఈ ఆటల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది లెక్క. ఆట ఒక ల్యాపును నాలుగు భాగాలు చేసి, ప్రతి భాగానికీ పట్టిన సమయాన్ని సెకనులో వెయ్యో వంతు దాకా చూపిస్తుంది. మొత్తం మీద అర సెకను వెనకబడ్డారంటే ఆ అర సెకను ఎక్కడ జారిపోయిందో కూడా చెబుతుంది. మొదటి రెండు భాగాల్లో మీరు బాగానే ఉన్నారు, మూడో భాగంలో పోయింది అంటుంది. అప్పుడు ల్యాపంతా బాగుచేసుకోవాల్సిన పని లేదు, మూడో భాగంలోని రెండు మూడు మలుపులు చూసుకుంటే చాలు.

ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల్ని 'ఎలా సాగుతోంది?' అని అడిగి చూడండి. 'ఏంటో సార్, ఈమధ్య సరిగా సాగడం లేదు' అంటారు. ఆ జవాబు పట్టుకుని ఎవరూ ఏమీ చేయలేరు. అదే పిల్లాడు 'చరిత్ర, పాలిటీ బాగానే ఉన్నాయి, అర్థమెటిక్‌లో ఒక్కో లెక్కకీ మూడు నిమిషాలు పడుతోంది, అందులోనూ కాలం పని లెక్కల దగ్గరే ఆగిపోతున్నాను' అన్నాడనుకోండి. సగం దారి వచ్చేసినట్టే. వెనకబడ్డానన్న దిగులుకు కొలత ఇస్తే అది పనిగా మారుతుంది. రేసు ఆట ఆడే పిల్లలకు ఈ అలవాటు తెలియకుండానే పట్టుబడుతుంది. దాన్ని ఆ తెర నుంచి పుస్తకం దగ్గరికి తెచ్చుకోమని చెప్పేవాళ్లు మాత్రం కావాలి.

ఇదే ఆటలో ఇంజినీరుతో మాట్లాడే ఏర్పాటు ఒకటి ఉంటుంది. బండి మీకు నచ్చినట్టు నడవడం లేదని చెప్పగానే అతను వెంటనే ప్రశ్నలు వేస్తాడు. ఇబ్బంది బ్రేకు వేసేటప్పుడా, మలుపులోకి దిగేటప్పుడా, బయటికి వస్తూ యాక్సిలరేటర్ తిప్పేటప్పుడా? మీరు ఎంచుకున్న జవాబును బట్టి సస్పెన్షనో, గేర్లో సర్దుతాడు. 'బండి బాగాలేదు' అనే మాట అక్కడ చెల్లదు. డాక్టరు దగ్గరికెళ్లి 'ఒంట్లో బాగాలేదు' అని ఆగిపోయేవాళ్లకీ, ఆఫీసులో 'ఈ పని కుదరడం లేదు' అని చేతులెత్తేసేవాళ్లకీ ఇంతకంటే మంచి శిక్షణ ఏముంటుంది? ఇబ్బంది ఎప్పుడు మొదలవుతుందో, ఏం చేస్తే ఎక్కువవుతుందో చెప్పగలగడం పెద్ద నేర్పు. నిజమైన రేసుల్లో కూడా గొప్ప రైడర్లకు మెకానిక్కుల దగ్గర అంత విలువ ఉండటానికి ఈ నేర్పు ఒక కారణం.

ఇంకో మంచి ఏర్పాటు టైమ్ ట్రయల్‌లో కనిపించే నీడ బండి. ఆటగాళ్లు దాన్ని ఘోస్ట్ అంటారు. మీరు ఇదివరకు చేసిన అత్యుత్తమ ల్యాపు ఒక పారదర్శకమైన బండి రూపంలో మీ పక్కనే పరుగెడుతుంది. మీతో మీరే పోటీపడండి అని వ్యక్తిత్వ వికాస పుస్తకాలన్నీ చెబుతాయి, ఈ పుస్తకమూ చెబుతుంది. ఎలా పోటీపడాలో కంటికి చూపించేది మాత్రం ఈ నీడ బండే. మలుపు దగ్గర మీరు ఆలస్యంగా బ్రేకు వేసి దాన్ని దాటేస్తారు, సంబరపడతారు. మలుపు సగంలో మీ బండి బయటి అంచు వైపు కొట్టుకుపోతుంటే, ముందే నెమ్మదించిన ఆ నీడ లోపలి అంచును పట్టుకుని, బండిని త్వరగా నిటారుగా లేపి, తర్వాతి తిన్నటి దారిలో మిమ్మల్ని దాటి వెళ్లిపోతుంది. లోపలికి నెమ్మదిగా వెళ్లినవాడే బయటికి వేగంగా వస్తాడు. నిదానమే ప్రధానం అని వినీ వినీ విసిగిపోయిన పదిహేడేళ్ల కుర్రాడికి ఆ మాటలోని నిజం సెకన్ల లెక్కలో కనిపిస్తుంది.

జర్మనీలోని జాక్సెన్‌రింగ్ ట్రాక్ గురించి కూడా చెప్పాలి. 3.671 కిలోమీటర్ల చిన్న ట్రాక్. పదమూడు మలుపుల్లో పది ఎడమవైపువే. నాలుగో మలుపు నుంచి పదో మలుపు వరకు వరసగా అన్నీ ఎడమకే తిరుగుతాయి. ఆ తర్వాత పదకొండోది, దిగువకు జారుతూ, చాలా వేగంగా, కుడివైపుకు! అంతసేపూ నేలకు తగలని టైరు కుడి అంచు చల్లబడిపోయి ఉంటుంది. చల్లబడిన రబ్బరు పట్టు ఇవ్వదు. ప్రపంచంలోకెల్లా మేటి రైడర్లు ఎంతోమంది అక్కడ పడ్డారు. పాల్గొన్న ప్రతిసారీ గెలుస్తూ, 2010 నుంచి 2021 వరకు వరసగా పదకొండు విజయాలు అందుకున్న మార్క్ మార్కెస్ కూడా ఆ మలుపును ఆషామాషీగా తీసుకున్నవాడు కాదు.

2020 ఆట నుంచి మైల్‌స్టోన్ వాళ్లు టైరు రెండు పక్కల అరుగుదలనూ విడివిడిగా లెక్కిస్తున్నారు. ట్రాక్ స్వభావం టైరు మీద ఎలా పడుతుందో ఆడేవాళ్లకు అప్పుడే తెలిసొచ్చింది. దీన్ని నేను రోజువారీ బతుకులోకి ఇలా తెచ్చుకున్నాను. ఆఫీసులో తొమ్మిది గంటలు కంప్యూటర్ ముందు కూర్చుని లేచి, బండి తీసి రోడ్డెక్కేటప్పుడు మన చూపు, మెడ, చేతులు అన్నీ ఆ టైరు కుడి అంచులా చల్లబడి ఉంటాయి. మొదటి కిలోమీటరు నెమ్మదిగా వెళ్లండి. కళ్లు దూరాన్ని చూడటానికి, మెడ పక్కకు తిరగడానికి అలవాటుపడనివ్వండి. రోజంతా లెక్కలు చూసినవాళ్లు ఇంటికొచ్చీ రాగానే పిల్లల చదువు సంగతి ఎత్తకుండా కాసేపు ఆగడం కూడా ఇలాంటిదే.

వెనక్కి తిప్పే మీట

ఇక లోపాలు. చిన్నవాటిని త్వరగా చెప్పేస్తాను. ఏటేటా కొత్త ఆట కొనాల్సినంత మార్పు చాలాసార్లు ఉండదు, రెండు మూడేళ్ల పాతది తగ్గింపు ధరలో దొరికితే అదే చాలు. కెరీర్ విభాగంలో రేసుకూ రేసుకూ మధ్య మెనూలు, సందేశాలు తప్ప మనుషులు కనిపించరు. అందులోని జట్టుకు ప్రాణం లేదు. కొత్తవాళ్లకు ఈ ఆటలు చాలాకాలం కఠినంగానే ఉండేవి. 2022 ఆటలో ముందు బ్రేకు కాస్త గట్టిగా నొక్కితే చాలు, వెనక చక్రం గాల్లోకి లేచేది. అదే ఏడాది శిక్షణ పాఠాలు పెంచారు, 2024లో ఆటగాడి స్థాయిని బట్టి పోటీదారుల వేగం మారే ఏర్పాటు చేశారు, 2025లో తేలిగ్గా ఆడుకునే ఆర్కేడ్ పద్ధతి కూడా చేర్చారు. ఈ లోపాలన్నీ కాలక్రమంలో సర్దుకునేవే.

వ్యక్తిత్వం కోణంలో నాకు పెద్ద లోపంగా కనిపించేది రీవైండ్. బండి పడిపోగానే ఒక మీట నొక్కితే కాలం కొన్ని సెకన్లు వెనక్కి వెళుతుంది. మలుపుకు ముందు మళ్లీ బండి మీదే ఉంటారు. కొత్తవాళ్లు విసిగిపోకూడదని పెట్టిన సౌకర్యమిది. మొదటి వారానికి మంచిదే. ఆ తర్వాత అది చేసే చెరుపు లోతుగా ఉంటుంది.

ఒకే మలుపును రీవైండ్‌తో అయిదారుసార్లు ప్రయత్నించినవాడు ఆరోసారి దాటేస్తాడు. ఎందుకు దాటాడో అతనికి తెలియదు. అదృష్టం కుదిరిన ఒక్క ప్రయత్నాన్ని ఉంచుకుని, కుదరని అయిదింటినీ చెరిపేశాడు. రేసు ముగిశాక తెర మీద అతని పేరు ముందుంటుంది, ఆ ల్యాపును మళ్లీ చేయమంటే చేయలేడు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. నిజమైన మోటోజీపీ రేసు నలభై నిమిషాలు సాగుతుంది. 22 లీటర్ల పెట్రోలుతో, అరిగిపోతున్న టైర్లతో, ఒక తప్పు చేశాక ఆ తప్పు బరువును మోస్తూ మిగతా ల్యాపులు నడపాలి. పొరపాటు జరిగిన తర్వాతి మలుపును ప్రశాంతంగా తీసుకోగలగడమే రేసరుకు అసలు పరీక్ష. రీవైండ్ ఆ పరీక్షనే ఎత్తేస్తుంది.

అదే ఆటల్లో దీనికి మందు కూడా ఉంది. 2021 ఆటలో ఒక కొత్త ఏర్పాటు చేశారు. పడిపోతే వెంటనే బండి మీదికి తెచ్చి కూర్చోబెట్టరు. మీ రైడర్ లేచి, నడిచో పరుగెత్తో బండి దగ్గరికి వెళ్లి, ఎక్కి, మళ్లీ ట్రాక్‌లోకి రావాలి. ఈలోగా అందరూ దాటిపోతారు. ఆ కాసిన్ని సెకన్లూ చాలా పొడవుగా అనిపిస్తాయి. ఆ ఏర్పాటు ఆన్ చేసి, రీవైండ్ ఆఫ్ చేసి ఆడమని నేను గట్టిగా చెబుతాను. ఇరవయ్యో స్థానం నుంచి మొదలుపెట్టి పదిహేనో స్థానంలోకి వచ్చి ఒక్క పాయింటు తెచ్చుకున్న రేసు, పడకుండా గెలిచిన రేసుకంటే మనిషిని ఎక్కువ తయారుచేస్తుంది. ఇంటర్‌లో ఒక పేపరు పోయిందని మిగతా పరీక్షలకు వెళ్లని పిల్లలున్నారు. వాళ్లకు ఆ ఒక్క పాయింటు రుచి చిన్నప్పుడే తెలిసి ఉంటే బాగుండేదని అనిపిస్తుంది.

ఒళ్లు చేసే పని

1985లో సెగా సంస్థ హ్యాంగ్-ఆన్ అనే ఆటను వీడియో పార్లర్లకు తెచ్చింది. యూ సుజుకి రూపొందించాడు. దాని పెద్ద నమూనాలో బొమ్మ బైకు ఒకటి ఉండేది. దాని మీద కూర్చుని, మలుపు వచ్చినప్పుడు ఒంటితో బైకును పక్కకు వాల్చాలి. అప్పుడే తెర మీది బండి తిరిగేది. బొమ్మలు ఇప్పటివాటితో పోలిస్తే మరీ సాదా. అయినా బండి నడపడంలో ఒంటికి పని ఉంటుందని ఆ యంత్రం ఒప్పుకుంది. ఆట ఇంట్లోకి, కంట్రోలర్‌లోకి వచ్చాక బొమ్మలు నిజమైన ట్రాకుల్ని తలదన్నేలా తయారయ్యాయి, ఒళ్లు మాత్రం సోఫాలో ఉండిపోయింది. ఇప్పుడు మలుపు తిరగడానికి ఎడమ బొటనవేలు పక్కకు జరిపితే సరిపోతుంది.

కారు ఆటలకు ఈ ఇబ్బంది ఇంతగా లేదు. స్టీరింగు, పెడల్స్ కొని టేబులుకు బిగించుకుంటే చేతులూ కాళ్లూ కారులో చేసే పనే చేస్తాయి. అందుకే గ్రాన్ టూరిస్మో ఆట పోటీలో 2011లో నెగ్గిన జాన్ మార్డెన్‌బరో అనే బ్రిటిష్ కుర్రాడు నిజమైన రేసర్ కాగలిగాడు. 2013లో లె మాన్స్ 24 గంటల రేసులో తన తరగతిలో మూడో స్థానంలో నిలిచిన జట్టులో ఉన్నాడు. బైకుకు అలాంటి ఏర్పాటు ఇంట్లో చేసుకోవడం కష్టం. బైకు మీద మనిషి బరువే సగం స్టీరింగు. మోటోజీపీ బండి కనీస బరువు 157 కిలోలు. దాని మీద కూర్చున్నవాడు అటూ ఇటూ జరిగితే మొత్తం లెక్క మారిపోతుంది. బ్రేకు వేసినప్పుడు ముందుకు తోసే ఒంటి భారాన్ని చేతులు, తొడలు ఆపాలి. ముంజేతి కండరాలు బిగుసుకుపోయి వేళ్లు పట్టుతప్పే జబ్బుకు ఆపరేషన్లు చేయించుకున్న రైడర్లు ఎంతోమంది ఉన్నారు. తెర ముందు ఈ నొప్పి ఒక్క వేలికీ తెలియదు.

2020లో కరోనా వల్ల రేసులు ఆగిపోయినప్పుడు దీనికి మంచి రుజువు దొరికింది. నిర్వాహకులు అసలు రైడర్లనే వాళ్ల ఇళ్లలో కన్సోళ్ల ముందు కూర్చోబెట్టి మార్చి 29న ముజెల్లో ట్రాక్ మీద వర్చువల్ రేసు పెట్టారు. ఆ పోటీలో అప్పటికే ఆరుసార్లు మోటోజీపీ ప్రపంచ విజేత అయిన మార్క్ మార్కెస్ కూడా ఉన్నాడు. గెలిచింది అతని తమ్ముడు అలెక్స్. అప్పటికి అలెక్స్ మోటోజీపీలో ఒక్క రేసు కూడా నడపలేదు. నిజమైన ట్రాక్ మీద మార్క్‌ను మార్క్‌గా నిలబెట్టిన ఒంటి తెలివికి, జారుతున్న బండిని మోచేత్తో మోకాలితో నిలబెట్టే ఆ నేర్పుకు, కంట్రోలర్‌లో చోటు లేదు. మార్క్ ఆటలో గెలవకపోవడం అతని గొప్పతనానికి లోటు కాదు. తెర మీద నెగ్గినంత మాత్రాన మనకు బండి వచ్చినట్టూ కాదు.

మా మేనల్లుడు ఇంజినీరింగ్ రెండో ఏడు. సెలవులకు వచ్చినప్పుడు నా బండి తాళాలు అడిగాడు.

'మావయ్యా, ముజెల్లోలో ఇప్పుడు మొదటి అయిదుగురిలో ఉంటున్నా. నీ బండి ఒక్కసారియ్యి, బైపాస్ దాకా వెళ్లొస్తా.'

'ఇస్తాలే, లైసెన్సుంది గదా. ముందు ఒకటి చెప్పు. డెబ్భైలో వెళ్తున్నావు, బండిని కుడిపక్కకు వాల్చాలి. హ్యాండిల్‌ని ఏం చేస్తావు?'

'కుడికి తిప్పుతా.'

'తిప్పితే ఎటు వాలుద్ది?'

'కుడికేగా మావయ్యా!'

ఇద్దరం ఊరి బయట ఖాళీ మైదానానికి వెళ్లాం. నలభైలో తిన్నగా నడుపుతూ కుడిచేతి పిడిని ముందుకు మెల్లగా నెట్టమన్నాను. అలా నెడితే హ్యాండిల్ ఒక్క క్షణం ఎడమకు తిరుగుతుంది. బండి కుడికి వాలింది. వాడు ఉలిక్కిపడి చేయి తీసేశాడు, బండి దానంతటదే నిటారుగా వచ్చేసింది. వేగంలో ఉన్న బండి తిరిగే తీరే అది. కుడికి వెళ్లాలంటే కుడి పిడిని ముందుకు నెట్టాలి. ఇన్నాళ్లూ వాడి చేతులు ఈ పని చేస్తూనే ఉన్నాయి, వాడికే తెలియదు. అనుకోకుండా ముందుకు ఏ గేదో వచ్చినప్పుడు తెలియనివాళ్లు హ్యాండిల్‌ను తప్పించుకోవాల్సిన వైపుకే లాగేస్తారు, బండి ఎదురువైపుకు వాలుతుంది. ఆటలో స్టిక్‌ను కుడికి నెడితే బండి కుడికే వాలుతుంది కాబట్టి ఆ ఆటను ఎన్నేళ్లు ఆడినా ఈ సంగతి తెలిసే వీలు లేదు. వాడు సాయంత్రం దాకా ఆ మైదానంలోనే తిరిగాడు, బైపాస్ ఊసెత్తలేదు.

రోడ్డు మీద

ఒక విషయంలో మాత్రం ఆట రోడ్డుకు మేలు చేస్తుంది. మన ఊళ్లలో ముందు బ్రేకంటే భయం. ముందు బ్రేకు కొడితే బండి తిరగబడుతుందని చెప్పి కాలి బ్రేకు మీదే నడిపించేస్తారు. నిజానికి బండిని ఆపే బలంలో ఎక్కువ వంతు ముందు చక్రానిదే, ఎందుకంటే ఆగేటప్పుడు బరువంతా ముందుకే వస్తుంది. రేసు ఆట ఆడినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. బండి నిటారుగా ఉన్నప్పుడు, మెల్లగా మొదలెట్టి బిగించాలనీ, వాలి ఉన్నప్పుడు జాగ్రత్తపడాలనీ తెలుసు. ఎంత బిగించాలన్నది మాత్రం వేలికి తెలియదు. దాన్ని మీ బండి మీదే, ఖాళీ స్థలంలో, ముప్ఫై, నలభై వేగాల్లో మళ్లీ మళ్లీ నేర్చుకోవాలి. 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతాం. అడ్డం వచ్చినదాన్ని చూసి చేయి కదలడానికే ఒక సెకను పడితే, బ్రేకు ఇంకా మొదలుకాకముందే 17 మీటర్లు అయిపోతాయి.

మిగతా విషయాల్లో రోడ్డుకూ ట్రాక్‌కూ పోలిక లేదు. ట్రాక్‌లో అందరూ ఒకే దిక్కుకు వెళ్తారు, మలుపు బయట కంకర, గాలి నింపిన మెత్తటి గోడలు ఉంటాయి. మన రోడ్ల మీద ఎదురుగా రాంగ్ రూట్‌లో ఆటో వస్తుంది, మలుపులో ఇసుక ఉంటుంది, డివైడర్ సందులోంచి మనిషి దిగుతాడు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. హెల్మెట్ లేకుండా పోయినవాళ్లే యాభై వేలు.

మామూలు రోడ్లనే ట్రాక్‌గా చేసుకునే రేసు కూడా ప్రపంచంలో ఉంది. ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ. ఒక్క ల్యాపు 60.7 కిలోమీటర్లు, రెండొందలకు పైగా మలుపులు, రోడ్డు పక్కనే రాతి గోడలు, ఇళ్లు. 2023లో పీటర్ హిక్‌మన్ ఆ దారిని గంటకు 219 కిలోమీటర్ల సగటు వేగంతో చుట్టాడు. ఫ్రాన్స్‌కు చెందిన కైలోటాన్ సంస్థ 2018లో ఆ రేసును ఆటగా తెచ్చింది. దారి గుర్తుపెట్టుకోవడానికి అది మంచి సాధనం, ఆ మాట మనస్ఫూర్తిగా అంటాను. ఆ ఆటలో గోడకు గుద్దుకుంటే కొన్ని సెకన్లలో మళ్లీ బండి మీద ఉంటారు. 1907లో మొదలైనప్పటి నుంచి ఆ దీవి దారుల మీద ఈ రేసుల్లోనూ, అక్కడి ఇతర రేసుల్లోనూ కలిపి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు 250 మందికి పైనే. గోడ ఒకటే, దారి ఒకటే. ఆడేటప్పుడు పిల్లలకు ఈ లెక్క తెలిసి ఉండాలి, పెద్దవాళ్లు కూర్చోబెట్టి చెప్పాలి.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఆట ముగించిన వెంటనే బండి తీయకండి. మూడొందల వేగానికి అలవాటుపడిన కంటికి ఎనభై నడకలా కనిపిస్తుంది. ఒక అరగంట ఆగండి. మంచినీళ్లు తాగి, వరండాలో అటూ ఇటూ తిరిగి, అప్పుడు తాళాలు తీయండి.

ఒక నెల సాధన

ఆట ఇంట్లో ఉంటే దాన్ని ఒక నెల ఇలా వాడి చూడండి. మొదటి వారం ఒకే ట్రాక్, ఒకే బండి. ఎంచుకునేది మోటోజీపీ వెయ్యి సీసీ బండి కాకుండా 250 సీసీ మోటో3 అయితే మంచిది. బలం తక్కువున్న బండి మీద మలుపులో పోగొట్టుకున్న వేగం మళ్లీ రాదు, అందుకే తప్పు స్పష్టంగా తెలుస్తుంది. నేల మీద దారి చూపించే రంగు గీతను ఈ వారం ఉంచుకోవచ్చు. రోజుకు నలభై నిమిషాలు, అంతకుమించి వద్దు. అయిపోయాక ఒక నోటు పుస్తకంలో రెండు వాక్యాలు రాయండి. ఏ భాగంలో సమయం పోయింది, రేపు ఏ ఒక్కటి మార్చి చూస్తాను. రెండోదే ముఖ్యం. ఒకేసారి మూడు మార్చినవాడికి ఏది పనిచేసిందో తెలియదు.

రెండో వారం ఆ రంగు గీత తీసేయండి. మొదటి రెండు రోజులు ల్యాపు టైము దారుణంగా పెరిగిపోతుంది. భయపడకండి, అది పోయిన వేగం కాదు, గీత ఇన్నాళ్లూ మీ బదులు చేసిన పని. ఆ పని ఇప్పుడు మీ కళ్లు చేస్తాయి. బోర్డులు, చెట్లు, రోడ్డు మీది అతుకులు గుర్తులుగా మారతాయి. మూడో వారం నీడ బండితో. నాలుగో వారం పూర్తి రేసు, పూర్తి ల్యాపులు, రీవైండ్ లేకుండా. పడితే లేచి వెళ్లి ముగించాల్సిందే. మధ్యలో రీస్టార్ట్ నొక్కడం కూడా రీవైండే.

నెలయ్యాక ఆ నోటు పుస్తకంతోనే ఇంకో పని మొదలెట్టండి. ఇంగ్లిష్ మాట్లాడటమో, వీణ నేర్చుకోవడమో, బ్యాంకు పరీక్షో. అదే పద్ధతి: పనిని భాగాలు చేయడం, ఎక్కడ పోతోందో చూసుకోవడం, రోజుకు ఒకటి మార్చడం, ఆసరాను ఒక్కొక్కటిగా తీసేయడం, చివర్లో ఆగకుండా మొత్తం చేయడం. ఈ క్రమం చేతికి వచ్చిన పిల్లలు కొత్త పని దగ్గర తక్కువ బెదురుతారని నేను గట్టిగా నమ్ముతాను.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు ఆడుతుంటే పక్కన కాసేపు కూర్చోండి. 'ఎన్నో స్థానం వచ్చింది?' అని అడగకండి, 'ఏ మలుపు దగ్గర ఇబ్బందిగా ఉంది?' అని అడగండి. వాడు పావుగంట ఆపకుండా చెబుతాడు. పరీక్షలప్పుడు కూడా అదే ప్రశ్న, అదే గొంతుతో అడగండి.

వేగం మీద నిజంగా మోజున్నవాళ్లు రోడ్డును వదిలేసి ట్రాక్‌కు వెళ్లాలి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేలో రైడింగ్ శిక్షణ తరగతులు జరుగుతుంటాయి. ఫుల్‌ఫేస్ హెల్మెట్, తోలు సూటు, గ్లౌజులు, చీలమండ దాటే బూట్లు ముందే సిద్ధం చేసుకోండి. కొన్ని చోట్ల అద్దెకు దొరుకుతాయి, ఫోన్ చేసి కనుక్కోండి. బయల్దేరే వారం ముందు మీ మెకానిక్ చేత బ్రేకు ప్యాడ్లు, చైను, టైర్లు చూపించండి. అక్కడ మొదటి సెషన్‌లో ఎవరు దాటిపోయినా దాటిపోనివ్వండి. బ్రేకు బోర్డు ఒకటి ఎంచుకుని, అన్ని ల్యాపుల్లోనూ దాని దగ్గరే బ్రేకు మొదలుపెట్టండి. సెషన్ అయ్యాక హెల్మెట్ తీసి, నోటు పుస్తకంలో రెండు వాక్యాలు రాసుకున్నాకే శిక్షకుడి దగ్గరికి వెళ్లండి.